పసుపు పెట్టని ఉత్తరం

విల్లెమ్‌స్టాడ్, కురసావ్ దీవి
9 జూలై 2024

సత్యశ్రీ వదినకు,

ముందు ఈ కాగితం మూలన పసుపు చూసుకో, తర్వాత చదువు. ప్రేమన్న బతికే ఉన్నాడు. తెలివిలో ఉన్నాడు. నిన్న నేను కాచి పట్టుకెళ్ళిన గంజి అరగ్లాసు తాగి, ఉప్పెక్కువైందని నన్ను తిట్టాడు కూడా. ఓడ దిగేటప్పుడు వంటగదిలో మసాలా డబ్బాలోంచి పసుపు చిన్న పొట్లం కట్టుకున్నాను. కోవెల బడిలో బుల్లియ్య మాస్టారు మన ముగ్గురికీ నేర్పిన మొదటి మర్యాద అదే కదా, క్షేమం రాసే కాగితానికి పసుపు పెట్టాలని.

జరిగింది కంపెనీవాళ్ళు చెప్పే ఉంటారు. ఓడ రిపేరుకి ఇక్కడ ఆగింది. క్రేనుతో సామాన్లు ఎక్కిస్తుంటే వల విడిపోయి బియ్యం బస్తాలు అన్న మీద పడ్డాయి. నడుము దెబ్బతింది. ఒక ఆపరేషన్ అయింది. రెండోది కూడా చేస్తే నడిచే అవకాశం ఉందంటున్నారు, చెయ్యకపోతే చక్రాల కుర్చీయే. ఆ రెండోదానికి కంపెనీ ఒప్పుకోవాలి. వాళ్ళు విచారణ అయ్యాక చెబుతామంటున్నారు. ఓడ వెళ్ళిపోయింది. అన్నకు తోడుగానూ, విచారణలో సాక్షిగానూ నన్ను ఉంచారు.

భార్యను రప్పిస్తామని కంపెనీ అంటోంది. నువ్వు రావాలి వదినా. ఇక్కడ మన బర్మా మాట, తెలుగు మాట ఎవరికీ తెలియవు. వీళ్ళది పాపియామెంటు. ఇంగ్లీషు తెలిసినవాళ్ళు ఉన్నారు గానీ వాళ్ళ మాటలో నాలుగు ముక్కలు వస్తే మనిషిని వేరేగా చూస్తారు. మొదటి రోజు నేను నర్సమ్మ బల్ల దగ్గరికెళ్ళి, నా మనిషి ఏ గదిలో ఉన్నాడని మూడుసార్లు ఇంగ్లీషులో అడిగాను. ఆవిడ తల ఎత్తితే ఒట్టు. చివరికి వరసలో ఉన్న ఒక ముసలాయన నా చొక్కా లాగి, ముందు 'బొన్ దియా' అనవయ్యా అని చెప్పాడు. శుభోదయం అన్నమాట. అన్నాను. ఆవిడ నవ్వేసి, 'బొన్ దియా, దుషి' అని లేచి వచ్చి గది చూపించింది. ఆవిడ పేరు జిసెట్. ఇక్కడ గదిలోకి వెళ్ళినా, బస్సు ఎక్కినా, లిఫ్టులో అడుగు పెట్టినా ముందు పలకరింపు, తర్వాతే పని. మధ్యాహ్నం దాటితే 'బొన్ తార్ది'. దుషి అంటే తియ్యనిది అని. ముద్దుమాట. కంగారు పడకు, చేపలు అమ్మేవాడినీ అలాగే పిలుస్తారు.

ఈ రెండూ అలవాటు చేసుకో. మిగతావి మళ్ళీ రాస్తాను. ఓడ దిగి ఇంటికొస్తున్న బాబ్జీ చేత ఇది పంపుతున్నాను.

నీ మరిది,
కోటిబాబు

*

తామ్వే, యాంగోన్ (రంగూన్)
2 ఆగస్టు 2024

కోటిబాబుకు,

నీ ఉత్తరం అందింది. అత్తమ్మ నాగదేవి గురించి నీకు తెలుసుగా. బాబ్జీ చేతిలో కాగితం చూడగానే అక్షరం ముక్క రాకపోయినా లాక్కుని, పసుపు వాసన చూసి, అప్పుడు నాకిచ్చింది. 'సదువింక' అని అక్కడే మెట్టు మీద కూలబడి ఏడ్చింది. నేను ఏడవలేదు. గంజిలో ఉప్పెక్కువైందని తిట్టాడని రాశావు చూడు, అక్కడ మాత్రం కళ్ళు మసకబారాయి. నన్ను తిట్టినట్టే ఉంది.

ఫోనులో మాట్లాడొచ్చు కదా అని నీకు అనిపిస్తుందేమో. కరెంటు రోజుకి నాలుగు గంటలు. వీధి మలుపులో సైనికులు నిలబెట్టి ఫోన్లు తెరిచి చూస్తున్నారు. మొన్న నా సంచీలో నీ ఉత్తరం దొరికింది. ఆ కుర్రాడు తెలుగు అక్షరాలు తిప్పి తిప్పి చూసి, మంత్రాలా అని అడిగాడు. ఔనన్నాను. నమస్కారం పెట్టి తిరిగిచ్చేశాడు. ఇక మన మాటలన్నీ మంత్రాల్లోనే.

పాస్‌పోర్టు కోసం మూడుసార్లు వెళ్ళి వరసలో నిలబడ్డాను. మందుల షాపులో సెలవు అడిగి అడిగి యజమాని మొహం చూడలేకపోతున్నాను. వీసా మళ్ళీ బ్యాంకాక్‌లో తీసుకోవాలట. ఎప్పటికయ్యేనో తెలియదు, నువ్వు మాత్రం మాటలు పంపుతూ ఉండు. ఇంట్లో రోజూ సాధన చేస్తున్నాను. అత్తమ్మ కూడా మొన్న పాలవాడికి 'బొన్ దియా' అంది. వాడు రెండు రోజులు మా గుమ్మం ఎక్కలేదు.

ఒక్క సంగతి అడుగుతాను. నువ్వు వంటవాడివి, ఆయన కళాసీ. బియ్యం, ఉల్లిపాయలు ఎక్కించేటప్పుడు వల కింద ఉండాల్సింది వంటవాళ్ళు కదా. ఆయనకు అక్కడేం పని? నిచ్చెన ఎక్కేముందు రెండుసార్లు కదిపి చూసే మనిషి. గాలిలో బరువు ఉంటే ఆ చుట్టుపక్కలకు పోడు. కంపెనీవాళ్ళు సరిగా చెప్పడం లేదు. నువ్వు చెప్పు.

సత్యశ్రీ

*

విల్లెమ్‌స్టాడ్
1 సెప్టెంబరు 2024

వదినకు,

అన్న కులాసా. పొద్దున కాసేపు దిండు ఆనించి కూర్చోబెడుతున్నారు. జిసెట్‌కి అన్నంటే అభిమానం. 'బో తిన్ దొలో?' అని గంటకోసారి అడుగుతుంది. నొప్పిగా ఉందా అని. ఉన్నా లేదంటాడు మహానుభావుడు. నువ్వు వచ్చాక ఆ మాట నువ్వే అడగాలి, నీ దగ్గర అబద్ధం ఆడలేడు.

ఆసుపత్రికి పనికొచ్చే మాటలు చెబుతాను, రాసిపెట్టుకో. నా భర్త ఎక్కడున్నాడు అనడానికి 'ఉండా మి కసా తా?' అనాలి. వాళ్ళు గడగడా ఏదో అంటారు. అప్పుడు 'మి నో తా కొంప్రొండే', నాకు అర్థం కాలేదు అని. సిగ్గుపడకు, నేను రోజుకి యాభైసార్లు అంటాను. 'పాపియా పోకో పోకో' అంటే మెల్లగా మాట్లాడమని. పని అయ్యాక 'మాషా దంకి', చాలా సంతోషం. వెళ్ళేటప్పుడు 'తే మన్యాన్', రేపు వస్తానని. అన్న దగ్గర్నుంచి లేచేటప్పుడు నేను రోజూ అదే అంటాను. ఒక రోజు మరిచిపోయి మన మాటలో 'పోతాను అన్నా' అన్నాను. ఆ మాట అనకురా అని చెయ్యి పట్టుకున్నాడు.

ఈ ఊరు నీటికి రెండు పక్కలా ఉంది. ఆసుపత్రి ఉన్న వైపుని ఓత్రోబందా అంటారు. అవతలి ఒడ్డు అని అర్థం. మధ్యలో నీళ్ళ మీద తేలే వంతెన ఉంది. ఓడ వస్తే అది పక్కకు జరిగిపోతుంది. అప్పుడు పడవ ఎక్కి దాటాలి. అన్న మొదట్లో మందు మత్తులో, మన యాంగోన్ రేవులో నది దాటాలనుకుని, 'ఒరే కోటీ, దలా పడవ ఎన్నింటికిరా' అని అడిగేవాడు. ఇప్పుడు మత్తు లేకుండానే సరదాకి అడుగుతున్నాడు. నేనూ టైము చెబుతున్నాను.

నువ్వడిగిన దానికి నువ్వొచ్చాక మాట్లాడుకుందాం. కాగితం మీద కుదిరే విషయం కాదు.

కోటిబాబు

*

తామ్వే
28 సెప్టెంబరు 2024

కోటిబాబుకు,

పాస్‌పోర్టు వచ్చింది. అత్తమ్మ దాన్ని దేవుడి దగ్గర పెట్టి, నా కంటే ముందు తనే విప్పి నా ఫోటో చూసి, 'ఏటే ఆ మొహం, దొంగని పట్టుకున్నట్టు' అంది. నవ్వొద్దన్నారు మరి ఫోటో తీసినవాళ్ళు.

సంతోషం ఒక పూట కూడా నిలవలేదు. కంపెనీ ఆఫీసు గుమస్తా నిన్న పిలిచి కాగితం చదివి వినిపించాడు. ప్రేమ్ ఎవరూ పంపకుండా తనంతట తనే వల కిందకు వెళ్ళాడని విచారణలో తేలిందట. తప్పు మనిషిది కాబట్టి రెండో ఆపరేషన్ కంపెనీ చేయించదట. కుర్చీలో కూర్చోగలిగిన రోజున విమానం ఎక్కించి పంపేస్తారట. ఇక్కడ ఆ ఆపరేషన్ చేసే డాక్టర్లు ఎవరున్నారు కోటిబాబూ, ఉన్నవాళ్ళు సగం మంది దేశం దాటేశారు. అంటే ఆయన ఇక నడవడు. ముప్పై నాలుగేళ్ళ మనిషి. నేను నమ్మను. ఆయన అలా వెళ్ళడు. వెళ్ళాడని చెప్పినవాడెవడో ఆ వేళ కళ్ళు మూసుకుని ఉండాలి.

పోనీలే, నువ్వు దగ్గరున్నావు, అదే నా ధైర్యం. సొంత తమ్ముడైనా మూడు నెలలు మంచం దగ్గర కూర్చోడు. దేవుడి పటం పక్కన నీ ఫోటో కూడా పెట్టమంటోంది అత్తమ్మ. 'ఆ కోటిగాడు నేకపోతే నా కొడుకు ఏటైపోదుడో' అని పొద్దున లేస్తే అదే మాట. నీ ఫోటో నా దగ్గర కోవెల బడిలో తీసిందే ఉంది, ముక్కు కారుతూ. అదే పెట్టాను.

సత్యశ్రీ

*

విల్లెమ్‌స్టాడ్
20 అక్టోబరు 2024

వదినా,

ఈ ఉత్తరానికి పసుపు పెట్టలేదు. పొట్లం విప్పాను గానీ పెట్టడానికి చెయ్యి రాలేదు.

ఆ ఫోటో తీసెయ్యి. ఆ వేళ వల కింద ఉండాల్సింది నేను. వలకు తాడు కట్టింది కూడా నేనే. తన్లిన్ నుంచి మా అమ్మ ఫోను చేసింది. మా వీధిలో ఇద్దరు కుర్రాళ్ళ పేర్లు చీట్లలో వచ్చాయనీ, ఆ రాత్రికే బళ్ళో ఎక్కించి సైన్యానికి తీసుకెళ్ళారనీ ఏడుస్తోంది. ఫోను చెవికి ఆనించుకుని ఒంటిచేత్తో ముడి వేశాను. రెండో చుట్టు తిప్పలేదు. అన్న అటు పోతుంటే, 'అన్నా, ఐదు నిమిషాలు నువ్వు నిలబడవా' అన్నాను. అన్న వచ్చి నిలబడ్డాడు. ఐదు నిమిషాలు కూడా కాలేదు.

విచారణకు మనిషి వచ్చిన రోజు అన్న నా కంటే ముందు నోరు తెరిచాడు. నేనే వెళ్ళాను, నన్నెవరూ పంపలేదు అన్నాడు. ఆ మనిషి నన్ను చూశాడు. నేను ఔనన్నాను. తర్వాత అన్నను అడిగితే ఏమన్నాడో తెలుసా. 'నీ తప్పని తెలిస్తే నీ ఓడ పుస్తకం లాక్కుని ఇంటికి తోలేస్తారు. ఇరవై తొమ్మిదేళ్ళోడివి. ఇంటికెళ్తే నిన్నట్టుకుపోతారు. నన్నెవడట్టుకెళ్తాడ్రా, నా కాళ్ళు సూసి?' అన్నాడు. నవ్వాడు కూడా. తప్పు మనిషిదైతే ఆపరేషన్ చేయించరని అప్పటికి ఇద్దరికీ తెలియదు. తెలిశాక కూడా అన్న మాట మార్చలేదు. నేనూ మార్చలేదు. అదే నా పాపం.

ప్రతి రోజూ అనుకుంటాను, వెళ్ళి చెప్పేద్దామని. ఆసుపత్రి మెట్లు దిగేసరికి మా అమ్మ గొంతు వినపడుతుంది. నాకు చంపడం చేతకాదు వదినా. కోడిని కొయ్యమంటే వేరేవాడిని పిలిచే వంటవాడిని నేను.

నువ్వు చెప్పమంటే చెప్పేస్తాను. ఒక్క మాట రాయి, చాలు.

కోటిబాబు

*

తామ్వే
12 నవంబరు 2024

కోటిబాబుకు,

నువ్వు పంపిన ఉత్తరం ఈ ఇంట్లో ఏం చేసిందో చెబుతాను.

తెచ్చినవాడు గుమ్మం దగ్గర ఇచ్చి వెళ్ళిపోయాడు. అత్తమ్మ మామూలుగానే మూలలు చూసింది. ముందుకు తిప్పింది, వెనక్కి తిప్పింది. వాసన చూసింది. 'పసుపు నేదే' అంది. తొందరలో మరిచాడేమో, ఇలా ఇవ్వు చూస్తానన్నాను. 'కోటిగాడు మర్సిపోడు. సదవకే. సదివితే నిజవైపోద్ది' అని గుమ్మం బయటే నిలబడి నాలుగు ముక్కలు చేసి కాలవలో పారేసింది. ఆ తర్వాత నన్ను లోపలికి రానివ్వలేదు. మెట్టు మీదే కూర్చోబెట్టి తల మీద నీళ్ళు పోసింది. నా గాజులు తనే తీసింది. పగలగొట్టలేదు, ఒక్కొక్కటే తీసి ఒళ్ళో పెట్టుకుంది. వీధిలో వాళ్ళంతా వచ్చారు. పక్కింటి బర్మా ఆవిడ దీపం పెట్టి బుద్ధుడికి మొక్కింది. ఒక పగలూ ఒక రాత్రీ నేను విధవను.

మర్నాడు కంపెనీ ఆఫీసుకు ఫోన్ చేయించాను. బతికే ఉన్నాడన్నారు. గాజులు మళ్ళీ తొడుక్కున్నాను. అత్తమ్మ మాత్రం తన చేత్తో అవి తీసినందుకు ఇంకా అన్నం సరిగా తినడం లేదు.

ఏం రాశావో మాకు తెలియదు. చినిగిపోయింది. మళ్ళీ రాయకు.

వీసా జనవరికి అవుతుందట. ఈలోపు నాకు ఇంకొన్ని మాటలు కావాలి. ఎవరు అనడానికి ఏమంటారు? తాడుని ఏమంటారు? తాడు కట్టిందెవరు అని అడగాలంటే ఎలా అడగాలి? నిజం చెప్పమని ఎలా అనాలి? ఆసుపత్రిలో ఇవన్నీ దేనికని నన్ను అడక్కు. పరాయి దేశం వెళ్ళే మనిషికి ఏ మాట ఎప్పుడు అవసరపడుతుందో ఎవరికి తెలుసు. అక్షరాలు స్పష్టంగా రాయి.

ఆయనకు గడ్డం నువ్వే గీస్తున్నావా? గీస్తూ ఉండు. పెరిగితే దురద అంటాడు.

సత్యశ్రీ

*

విల్లెమ్‌స్టాడ్
8 డిసెంబరు 2024

వదినకు,

పసుపు పెట్టాను. ముందు అత్తమ్మకు చూపించు. నేను చేసిన పనికి ఆవిడ కాళ్ళు పట్టుకోవాలి. నా మనసులో బరువు గురించి అనుకున్నానే గానీ ఆ కాగితం మీ గుమ్మంలో ఏమవుతుందో ఆలోచించలేదు. ఈ బుద్ధి తక్కువతనం నాకు కొత్త కాదు.

నువ్వడిగిన మాటలు. ఎవరు అంటే 'కెన్'. తాడు 'కబుయా'. తాడు కట్టిందెవరు అనాలంటే 'కెన్ ఆ మారా ఎ కబుయా?'. నిజం చెప్పు అనడానికి 'బిసా బెర్దాత్'. జిసెట్‌ని అడిగి రాసుకున్నాను. ఆవిడ నా కాగితం చూసి, ఈ ప్రశ్న ఎవరిని అడగాలి అంది. నాకు వచ్చిన నాలుగు ముక్కల్లో 'తా ఆమి' అన్నాను. నేనే అని. ఆవిడ కాగితం తిరిగి నా చేతిలో పెట్టేసి వెళ్ళిపోయింది. దుషి అని కూడా అనలేదు.

ఆ మధ్యాహ్నమే కంపెనీ మనిషి గదికి వెళ్ళాను. తలుపు తీసి 'బొన్ తార్ది' అన్నాను, అలవాటుగా. ఆయన కూడా 'బొన్ తార్ది' అన్నాడు. తర్వాత చెప్పాను. ఫోను, ముడి, ఐదు నిమిషాలు, అన్నీ. ఆయన మూడుసార్లు చెప్పించుకుని రాసుకున్నాడు. సంతకం పెట్టాను. వారం తర్వాత కబురు వచ్చింది. అన్న తప్పు లేదు, రెండో ఆపరేషన్ కంపెనీయే చేయిస్తుంది, డిసెంబరు ఆఖరులో. నా ఓడ పుస్తకం తీసుకున్నారు. పద్నాలుగో తేదీ విమానం.

అన్న నాతో మాట్లాడటం మానేశాడు. పొద్దున గడ్డం గీస్తుంటే మొహం గోడవైపు తిప్పుకున్నాడు. 'నానిచ్చింది పారేసినావు' అన్నాడు, అంతే. సగం గడ్డంతో ఉన్నాడు. వచ్చాక మిగతాది నువ్వు గీయి.

నువ్వొచ్చేదాకా జిసెట్ చూసుకుంటానంది. మంచం పక్క సొరుగులో అన్న చెంచా, రేజరు, మందుల కాగితం పెట్టాను. పసుపు పొట్లం కూడా అక్కడే ఉంచుతున్నాను, నాకు ఇక దానితో పని లేదు. గదిలోకి వెళ్ళేటప్పుడు 'బొన్ దియా' మరిచిపోకు.

తే మన్యాన్ అని ఈసారి అన్నకు చెప్పలేను.

కోటిబాబు

*

విల్లెమ్‌స్టాడ్, ఓత్రోబందా
26 జనవరి 2025

తన్లిన్‌లో ఉన్న కోటిబాబుకు,

నువ్వు అక్కడ, నేను ఇక్కడ. యాంగోన్‌లో నీ మొహం చూడకుండానే విమానం ఎక్కాను. ఉన్న నాలుగు వారాలూ తీరిక లేదని నీకు కబురు పంపాను. తీరిక ఉంది. నీ ఎదుట నిలబడితే చెయ్యి చేసుకుంటానేమోనని రాలేదు.

ముందు ఆయన సంగతి. ఆపరేషన్ అయి నాలుగు వారాలు. ఎడమ కాలి వేళ్ళు కదులుతున్నాయి. కుడి కాలు ఇంకా లేదు. నిన్న ఇద్దరు పట్టుకుంటే నిలబడ్డాడు, పది లెక్కపెట్టేదాకా. నేను గది తలుపు తీసి 'బొన్ దియా' అన్నప్పుడు, నర్సనుకుని కళ్ళు మూసుకునే బదులిచ్చాడు. 'బో తిన్ దొలో?' అని అడిగాను. లేదని తలూపాడు. మన మాటలో, 'నిజం సెప్పు' అన్నాను. అప్పుడు కళ్ళు తెరిచాడు. ఆ తర్వాత మేమిద్దరం ఏడ్చింది రాయను. సగం గడ్డం అప్పటికి మొత్తం పెరిగిపోయింది, గీశాను.

నువ్వు నేర్పిన ప్రతి మాటా ఇక్కడ పనికొచ్చింది. తాడు మాట తప్ప. దాన్ని నేను ఎవరినీ అడగలేదు. నిన్ను అడగడానికే నీ చేత రాయించాను.

నీ ఉత్తరం నేను చదివాను కోటిబాబూ. అత్తమ్మ పక్కింట్లోకి వెళ్ళినప్పుడు లోంజీ ఎగ్గట్టి కాలవలోకి దిగాను. నా మొగుడు పోతే ఆ సంగతి నా కళ్ళతో చదవాలనుకున్నాను, అత్తమ్మ ముక్కుతో కాదు. నాలుగు ముక్కలూ దొరికాయి. కడిగి చాప కింద ఆరబెట్టి, మర్నాడు పొద్దున అతికించి చదివాను. ఆయన బతికున్నాడని ఆ కాగితమే చెప్పింది. ఆఫీసుకు ఫోన్ చేయించానన్నది నేను అల్లిన అబద్ధం. మీ ఇద్దరూ కలిసి ఆడారు కదా, మూడోది నాది.

తెలియదని ఎందుకు రాశానంటే, తెలిసిందని తెలిస్తే నువ్వు పారిపోతావని భయం. నువ్వు పోతే ఆయనకు నీళ్ళిచ్చేవాడు ఉండడు. ఇది ఒక కారణం. ఇంకోటి చెప్పడానికి కష్టంగా ఉంది. ఒక్క మాట రాయి, చెప్పేస్తాను అన్నావు. ఎంత సులువుగా అడిగావు. చెప్పు అని నేను రాస్తే, రేపు నీ చేతికి తుపాకీ ఇచ్చింది నేనవుతాను. వద్దు అని రాస్తే నా మొగుడి కాళ్ళు నేనే తీసినట్టు. నీ ముడి నువ్వు విప్పుకోకుండా నా ఒళ్ళో పడేశావు. అందుకు నీ మీద వచ్చినంత కోపం ఆ బస్తాలు పడినందుకు కూడా రాలేదు. అందుకే ఏ మాటా రాయకుండా తాడు కట్టిందెవరు అని అడిగాను. అర్థం చేసుకుంటావనే అడిగాను. చేసుకున్నావు. నా చెయ్యి శుభ్రంగా ఉంచుకుని నిన్ను పంపాను. అది నాకు నిద్రలో కూడా తెలుస్తూనే ఉంది.

ఆయనకు నీ మీద కోపం లేదు. తన మాట చెల్లలేదని బాధ. రోజూ ఒకసారి, 'దలా పడవ ఎన్నింటికిరా' అని గాలిలోకి అడుగుతాడు. నాకు ఆ టైములు తెలియవు. నువ్వే రాయాలి.

నిన్న అత్తమ్మ ఫోనులో దొరికింది. మీ వార్డులో చీట్లు వచ్చే నెల తీస్తారని చెప్పింది. నీ పేరు కూడా పెట్టెలో వేశారట. ఆవిడ కోవెలకు వెళ్ళి నీ పేరున అర్చన చేయించింది. నీ ఉత్తరంలో ఏముందో ఆవిడకు ఇప్పటికీ తెలియదు, నేను చెప్పలేదు, నువ్వూ చెప్పకు. ముక్కు కారే ఫోటో ఇంకా పటం పక్కనే ఉంది. తియ్యడానికి నాకు మనసు రాలేదు.

నిన్న జిసెట్‌ని ఒక మాట అడిగాను. క్షమించమని మీరెలా అంటారు అని. 'పొర్దొనా మి' అని చెప్పింది. ఆరు నెలల్లో నువ్వు నాకు నేర్పని మాట అదొక్కటే. నీ నోటికి రాలేదో, అడిగే అర్హత లేదనుకున్నావో. క్షమించానని నేనిప్పుడు రాయలేను. ఆయన నడిచిన రోజు రాస్తానేమో, నడవకపోతే ఏమవుతుందో నాకే తెలియదు. నీకు ఏమీ కాకూడదని మాత్రం రోజూ కోరుకుంటున్నాను. ఈ రెండూ నాలో ఒకేసారి ఉన్నాయి.

ఇది ఓడ దిగి వస్తున్నవాడి చేత అత్తమ్మకు పంపుతున్నాను. ఆవిడే తన్లిన్ వచ్చి నీ చేతికిస్తుంది. ఇచ్చేముందు మూలలు చూస్తుందని నీకు తెలుసు. సొరుగులో నువ్వు వదిలి వెళ్ళిన పొట్లంలోంచి నాలుగు మూలలా పసుపు పెట్టాను. గుమ్మం బయట నిలబడి చదవకు. ఇంట్లోకి తీసుకెళ్ళి, మీ అమ్మ పక్కన కూర్చుని చదువుకో.

నీ వదిన,
సత్యశ్రీ